నోరు తెరిచి ఒక గంట

"పెద్దగా తెరవండి. ఇంకా. ఇంకొంచెం," అన్నాడు డాక్టరు, ముక్కూ మూతీ కప్పిన నీలం మాస్కు వెనకనుంచి. నోరు తెరవమని ఒకరు తనకు చెప్పడం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. యాభై రెండేళ్ళుగా లోకం అతన్ని నోరు మూసుకోమనే బతిమాలుతూ వచ్చింది. బడిలో పంతులు గారు మూసుకోమన్నారు, తోడబుట్టినవాళ్ళు మూసుకోమన్నారు, పెళ్ళయిన మూడోనాటినుంచి భార్య మూసుకోమంటోంది. పాత సామాన్ల వేలం పాడే పని దొరికింది గనక ఆ నోరే అతని నోట్లోకి నాలుగు మెతుకులు తెచ్చిపెట్టింది. చర్చి సంఘంలో అతన్ని మైకు అంటారు. పెద్దవాళ్ళకు మైకు, చిన్నవాళ్ళకు మైకన్న, కరెంటు పోయిన ఆదివారాల్లో పాస్టరు గారికి మాత్రం మైకు గారు. అలాంటి నోటిని ఇప్పుడు దవడల మధ్య రబ్బరు దిమ్మ పెట్టి బార్లా తెరిచి, పుచ్చిన పన్ను ఒక్కటే పైకి కనబడేలా చుట్టూ ఆకుపచ్చ రబ్బరు గుడ్డ బిగించి, పెదవి మూలకు ఉమ్మి పీల్చే గొట్టం తగిలించారు. గొట్టం అతని తరఫున గురగురమని ఏదో మాట్లాడుతోంది. మూసిన నోరు ఎప్పుడైనా తెరుచుకోవచ్చు. ఇలా తెరిచిపెట్టిన నోటికి ఆ అవకాశం కూడా లేదు.

"గంట పడుతుంది. నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి," అన్నాడు డాక్టరు. సార్ అనలేదు. అన్నా అని అసలే అనలేదు.

గంట. ఆ గంటకు ముందు అతనికి రెండు నిమిషాలు దొరికాయి. గది తలుపు తీసి, కుర్చీలో వాలి, మత్తు సూది లోపలికి దిగేదాకా పూర్తిగా రెండు నిమిషాలు. నన్ను క్షమించు తమ్ముడూ అనడానికి అందులో పదో వంతు చాలు. దారిపొడుగునా ఆ మాటే నమిలాడు, కుడివైపు పళ్ళతో, ఎడమవైపు నమలలేడు గనక. తీరా కుర్చీలో వాలాక నర్సు ఎదురుగా నిలబడి చిరునవ్వు నవ్వింది. మనిషి నవ్వు కనిపిస్తే అతని నోరు అతని మాట వినదు. "జీవితంలో ఒక్క పన్నూ ఎగ్గొట్టలేదు డాక్టరు గారూ, అయినా ఈ పన్ను చూడండి నన్నెలా కొడుతోందో," అన్నాడు. నర్సు పకపకమంది. డాక్టరు సూదిలోంచి గాలి బుడగ వదిలి, "కొంచెం చురుక్కుమంటుంది," అన్నాడు. చురుక్కుమంది. ఏడాదిన్నర తర్వాత ఆ మనిషితో తాను అన్న మొదటి మాట అది, ఎగ్గొట్టిన పన్ను మాట. ఇప్పుడు సగం మొహం చచ్చి, నాలుక పరాయివాడి నాలుకలా పడుంది, లోపల సిగ్గు మాత్రం మత్తెక్కకుండా నిక్షేపంగా ఉంది.

అసలు ఇక్కడికి తెచ్చింది పశ్చాత్తాపం కాదు, పంటి నొప్పి. అది కూడా ఒప్పుకోవాలి. ఏడాదిన్నరగా పంటికి ఏమొచ్చినా ఊరి అవతలి చివర ఇంకో డాక్టరు దగ్గరికి రెండు బస్సులు మారి వెళ్ళాడు. ఆయన కూతురి పెళ్ళికని పదిహేను రోజులు తలుపు మూశాడు. చెంప బూరెలా పొంగింది. నిన్న పొద్దున భార్య ఫోను పెట్టేసి వచ్చి, "రేపు పదకొండింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆయన దగ్గరే," అంది. ఎవరి దగ్గర అని అతను అడగలేదు. "కాళ్ళు రావు," అన్నాడు. "కాళ్ళెందుకు, పన్ను తీసుకెళ్ళు చాలు. మనసు తీసుకెళ్ళలేదు ఇన్నాళ్ళూ, పన్నయినా తీసుకెళ్ళనీ," అంది ఆవిడ. ఇంట్లో శ్లేషలు తన ఒక్కడి సొత్తు అనుకుంటాడు గాని ఆవిడవి అప్పుడప్పుడు ఎముకదాకా దిగుతాయి.

"సార్, మీరు పాత ఫర్నిచర్ వేలం వేస్తారు కదూ," నర్సు గొట్టాన్ని అటు మార్చి ఇటు మార్చి అడిగింది. "గొంతు విన్నప్పుడే అనుకున్నా. మా ఇంట్లో డబుల్ కాట్ మీరు అమ్మిందే. మహారాజులు పడుకున్నదన్నారు. పక్కకి ఒత్తిగిలితే పక్కింటివాళ్ళు లేస్తున్నారు." అతను ఆఁ అన్నాడు. ఆఁ తప్ప ఏ అక్షరమూ ఆ నోటికి ఇప్పుడు అందదు. "మహారాజులు నిద్రపట్టక రాజ్యం వదిలేసుంటారు లెండి," అందామె. డాక్టరు కళ్ళు కూడా నవ్వలేదు. "ఫైల్," అన్నాడు. "పదిహేను ఇవ్వనా డాక్టర్?" "పదిహేను." సూదంత సన్నని ఆకురాయి ఒకటి పంటి వేరులోకి దిగి గీకడం మొదలుపెట్టింది. కాసేపటికి "ఇరవై" అన్నాడు. ఇంకాసేపటికి "ఇరవై అయిదు." అతని చెవులు వృత్తి మరిచిపోలేదు, పదిహేను, ఇరవై, ఇరవై అయిదు, పాట పెరుగుతోంది, తన పన్ను మీద ఎవరో పోటీ పడుతున్నారు, ఎవరికీ అక్కర్లేని సామాను మీద ఇంత పోటీ ఏమిటి. నవ్వు వచ్చింది. నవ్వు గొంతుదాకా వచ్చి, ఎదురుగా ఆ చెయ్యి కనిపించి, ఆగిపోయింది.

ఆ చెయ్యి. లేత నీలం తొడుగులో, దీపం వెలుగులో, అతని ముక్కుకు జానెడు దూరంలో. చూపుడు వేలు అతని కింది పెదవిని పక్కకు జరిపి పట్టుకుంది, పసిబిడ్డ పెదవిని పట్టుకున్నట్టు. ఈ చేతి గురించే ఇతను తనకు చెప్పాడు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచుకున్న ఆదివారం అది, జనం వెళ్ళిపోయాక ఇద్దరే మిగిలి ఇనుప కుర్చీలు మడిచి గోడకు చేరుస్తున్నారు. పదో కుర్చీయో పన్నెండో కుర్చీయో మడుస్తూ, తలెత్తకుండా అన్నాడు డాక్టరు. "అన్నా, అమ్మని కొట్టాను." వాళ్ళమ్మకు మతి పోయి మూడేళ్ళయింది, అది అందరికీ తెలుసు. రోజూ పొద్దున్నే ఆవిడ పళ్ళు ఇతనే తోముతాడు, లోకం పళ్ళన్నీ తోమి కడిగే చేత్తో. ఆ రోజు ఆవిడ వేలు కొరికింది. "గట్టిగా కొరికింది, రక్తం వచ్చింది. ఒక్కటిచ్చాను. చెంప మీద. ఏడవలేదన్నా. నా వంక చూసి, ఎవరు బాబూ మీరు అంది." ఇనుప కుర్చీ మడతపడిన చప్పుడు. ఇంకోటి. అతను వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. "దేవుడి కృప చాలు తమ్ముడూ," అన్నాడు. ఎంత తొందరగా అన్నాడో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కుంచించుకుపోతోంది. మీద టీ ఒలికినవాడికి చేతికందిన కాగితం అందించినట్టు కృప తీసి ఇచ్చేశాడు. మనిషి బాధ ఇంకా సగంలోనే ఉంది, ఇతని కృప అప్పటికే అయిపోయింది. ఇంకా నాలుగు కుర్చీలు మిగిలాయి. ఆ నాలుగూ కూడా ఇద్దరూ మడిచారు. మడుస్తూ అతను కుర్చీల మీద ఒక జోకు కూడా వేశాడు. ఏం జోకో గుర్తులేదు. డాక్టరు మర్యాదకు నవ్వడం గుర్తుంది.

"ఉమ్మి తియ్యమ్మా," అన్నాడు డాక్టరు. గొట్టం గురగురమంది. కిటికీ బయట ఎవరో లారీ వెనక్కి తీస్తున్నారు, రైట్ రైట్ అంటూ ఒక గొంతు. గోడ మీద బొమ్మలో ఒక పెద్ద పన్ను నవ్వుతోంది. పంటికి మళ్ళీ పళ్ళెందుకో, ఆ పళ్ళకు పుచ్చు పడితే ఎవరు చూస్తారో. పళ్ళవల్లే వచ్చింది అంతా, తోటలో మొదటి జంట పండు కొరికింది మొదలు, మనిషి పాపం పళ్ళదగ్గరే మొదలైంది, చెట్టుకు కాసేవీ పళ్ళే, వాటిని కొరికేవీ పళ్ళే, అని యువకుల తరగతిలో చెప్పి నవ్వించాడు ఒకసారి. ఆ తరగతి కూడా గుర్తొస్తోంది, వద్దంటే గుర్తొస్తోంది. ఈ కాలం పాపం అన్న మాటే వాడటం మానేశాం, ఒత్తిడి అంటాం, బలహీనత అంటాం, నా స్వభావం అంతే అంటాం, పాపం అని ఇప్పుడు ఎవర్నయినా చూసి జాలిపడేటప్పుడే అంటాం, అయ్యో పాపం అని. చేసినవాణ్ణి చూసి అనం, పడినవాణ్ణి చూసి అంటాం. అద్భుతంగా వచ్చింది ఆ రోజు. పిల్లలు రాసుకున్నారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "అంకుల్, దేవుడు క్షమించేస్తే ఇంక మనం బాధపెట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళక్కర్లేదా?" అప్పటికి డాక్టరు తల్లిని ఆయన అక్క తనింటికి తీసుకెళ్ళిపోయి మూడు వారాలు. అతనన్నాడు, "హెడ్డాఫీసులో సంతకమైపోయాక బ్రాంచిలో పనేముందమ్మా." అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు, పెన్ను మూత పెట్టేసింది. ఆ పెన్ను మూత టిక్కుమన్న చప్పుడు ఇదిగో ఇప్పుడు, పంటి వేరులో వినిపిస్తోంది.

నిజానికి అతను చేసింది అదే. హెడ్డాఫీసు సంతకం. ఆదివారం ఆదివారం అందరితో కలిసి పాపాల ఒప్పుకోలు చదివాడు, మేము తలంపుచేతను మాటచేతను అని, ఆ మేములో నలభై మంది గొంతుల మధ్య తన గొంతు హాయిగా నక్కి కూర్చునేది. ఎప్పుడూ అందరికంటే బిగ్గరగా వినిపించేవాడు ఆ ఒక్క చోట మాత్రం అందరిలో ఒకడయ్యేవాడు. ఒంటరిగా మోకరించినప్పుడు కూడా, ప్రభువా నోరు జారింది, క్షమించు, అనేవాడు. వెంటనే మనసు తేలికయ్యేది. ఆ తేలికనే అతను కృప అనుకున్నాడు. ఏడాదిన్నర అలాగే అనుకున్నాడు. కానుక పట్టుకుని గుడికొస్తే, దాన్ని అక్కడే పెట్టి ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళిరా అన్న మాట మీద తానే రెండుసార్లు ప్రసంగం చేశాడు. రెండోసారి పాస్టరు గారు రికార్డు కూడా చేయించారు.

ఆఁ. నొప్పి. ఆకురాయి మూల ఎక్కడో బతికున్న నరాన్ని ముట్టుకుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు, ఎడమ చెయ్యి ఎత్తలేదు. ఉండనీ. పడనీ. ఇదే కదా తగినది, ఈ చేతులతోనే, ఈ మనిషి చేతులతోనే, ఇంకొంచెం గుచ్చనీ, తమ్ముడూ నీ ఇష్టమొచ్చినంత లోపలికి పోనీ, నేను చెయ్యెత్తను, అని ఒక గొప్ప త్యాగం కళ్ళలో నీళ్ళుగా తిరుగుతోంటే, లోపల ఒక మూలనుంచి ఇంకో అతను ఆ త్యాగాన్ని మెచ్చుకుంటున్నాడు కూడా. భలే ఓర్చుకుంటున్నావోయ్. ఆకురాయి ఆగింది. డాక్టరు దీపం పక్కకు తోసి అతని కళ్ళలోకి చూశాడు. "నొప్పి వస్తోందా?" అతను తల అడ్డంగా ఊపబోయాడు, ఊపనివ్వలేదు రబ్బరు గుడ్డ. "వస్తే చెప్పమన్నాను కదా. మీరు ఓర్చుకుంటే పన్ను బాగుపడదు. మీరు బిగుసుకుంటే నా చెయ్యి కదలదు." నర్సుతో అన్నాడు, "ఇంకొంచెం మత్తివ్వాలి." మళ్ళీ సూది. అంతే. గుచ్చే అవకాశం ఉండి గుచ్చలేదు. అతని త్యాగం అక్కడే ఎవరికీ అక్కర్లేని మంచంలా కిర్రుమంటూ మిగిలిపోయింది, సిగ్గుకు తోడు ఇంకో సిగ్గు.

మత్తు ఎక్కేదాకా డాక్టరు తిరుగుడు స్టూలు మీద వెనక్కి జరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు. ఏడాదిన్నర కిందట లేవు. ఆ బుధవారం లేవు. సరే, బుధవారం దగ్గరికే రానీ. ఎటు తిరిగినా అక్కడికే వస్తోంది దారి. బుధవారం ప్రార్థన కూటం, సాయంత్రం, ఇరవై ముగ్గురు. ఉక్కపోత. ఫ్యాను తిరుగుతోంది గాని గాలి కదలడం లేదు, ప్రార్థన నడుస్తోంది గాని ఎవరూ కదలడం లేదు. డాక్టరు ఆ రోజు రాలేదు, అమ్మ దగ్గర ఉండిపోయాడు. పాస్టరు గారు మీరే నడిపించండి అన్నారు. అతను మొదలుపెట్టాడు. రోగులు, ప్రయాణంలో ఉన్నవాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు. ఆమెన్లు పల్చగా వస్తున్నాయి. వేలంలో అలాంటి ఘడియ ఒకటి వస్తుంది, హాలు చల్లబడిపోయే ఘడియ, జనం గడియారాలు చూసుకుంటారు. అప్పుడు విరిగిన కుర్చీలూ సొట్ట బిందెలూ పక్కన పడేసి, మూలన దుప్పటి కప్పి ఉంచిన సామాను బయటికి తీయాలి. దుప్పటి కొద్దికొద్దిగా లాగాలి. అతనికి ఆ పని నిద్రలో కూడా వచ్చు. "ప్రభువా, మా మధ్య ఇంకా బరువైన చేతులున్నాయి," అన్నాడు. హాలు కొంచెం లేచింది. "తల్లి నోటిని కడగబోయి తల్లి చెంపను తాకిన చేతులున్నాయి." ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఒక్క క్షణం ఆగాడు, వేలం సుత్తి పైకెత్తి ఆపినట్టు. "ముద్ద పెట్టిన తల్లిని కొట్టిన చేతిని, ప్రభువా, క్షమించు." ఆమెన్. ఆమెన్. ఆమెన్. ఎంత పెద్ద ఆమెన్లు. ఇంటికెళుతూ పెట్టిన, కొట్టిన అని ప్రాస మనసులో రెండుసార్లు అనుకుని చూశాడు. బాగుంది అనుకున్నాడు.

ఇంటికొచ్చాక భార్య గుమ్మంలోనే అంది, "అందరికీ తెలిసిపోయింది ఎవరో." "పేరు చెప్పలేదే," అన్నాడతను. "అదొక్కటే చెప్పలేదు," అంది. కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పళ్ళు కడిగే కొడుకు, మతిలేని తల్లి, సంఘం మొత్తానికి అలాంటి ఇల్లు ఒక్కటే. డాక్టరు అక్క ఆ రోజు కూటానికి వచ్చింది. మూడో వరసలో, స్తంభం పక్కన. శనివారం కారు తెచ్చి తల్లిని తనింటికి తీసుకెళ్ళిపోయింది. తమ్ముణ్ణి గడప తొక్కనివ్వలేదు. తమ్ముడు ఆ తర్వాత సంఘానికీ రాలేదు. తల్లి అక్కడ పదకొండు నెలలు బతికింది. సమాధి కార్యక్రమంలో పాట పాడింది అతనే, అందరికంటే బిగ్గరగా. కొడుకు గేటు బయట, సైకిళ్ళు పెట్టేచోట నిలబడ్డాడు. ఇద్దరి చూపులూ ఒకసారి కలిశాయి. అతను పాటల పుస్తకంలోకి తల దించుకున్నాడు, ఆ పాట అతనికి పుస్తకం లేకుండా వచ్చు.

నోరు జారింది. ఏడాదిన్నరగా అదే మాట. భార్యకు అదే చెప్పాడు, పాస్టరు గారికి అదే, దేవుడికి అదే. అరటితొక్క మీద కాలు జారినట్టు నోరు జారింది, జారినవాణ్ణి ఎవరు శిక్షిస్తారు, జారినవాణ్ణి చూసి అయ్యో పాపం అంటారు. ఇప్పుడు నోరు తన అధీనంలో లేదు, బిగించి ఉంది, ఎటూ జారలేదు. బహుశా అందుకే కాబోలు మొదటిసారి ఆ బుధవారం తొణక్కుండా కనిపిస్తోంది. ప్రార్థన నడిపేవాళ్ళు కళ్ళు మూసుకోరు, ఒక కన్ను సగం తెరిచి హాలు చూసుకుంటారు, అది వాళ్ళకూ దేవుడికీ మాత్రమే తెలుసు. అతనూ చూశాడు. తాకిన చేతులు అనడానికీ కొట్టిన చెయ్యి అనడానికీ మధ్య, సుత్తి ఎత్తి ఆపిన ఆ క్షణంలో, సగం తెరిచిన కంటితో మూడో వరస చూశాడు. స్తంభం పక్కన ఆకుపచ్చ చీర. అక్క. ఆమె అప్పటికే తలెత్తింది. ఆగిపోవచ్చు. రోగుల దగ్గరికి, పరీక్షల దగ్గరికి వెనక్కి వెళ్ళిపోవచ్చు, ఎవరికీ ఏమీ తెలియదు. చోటు ఉంది. ఒక క్షణం పూర్తిగా, ఒక తలుపంత చోటు ఉంది. ఆ తలుపు చూసి, ఆమెను చూసి, హాలు తన చేతిలోకి వచ్చేసిందన్న ఆనందం చూసి, ఆ ఆనందాన్ని ఎంచుకున్నాడు. నోరు జారలేదు. తనే తోశాడు.

"ముప్పై," అన్నాడు డాక్టరు. గీకుడు మళ్ళీ మొదలైంది. నొప్పి లేదు.

ఇక్కడ, ఇంత తెలిశాక కూడా, అతని బుర్ర ఊరుకోలేదు. సహోదరులారా, పాపం పంటి పుచ్చులాంటిది, పైకి చిన్న నల్ల చుక్క, వేరుదాకా ఖాళీ, మనం పై పై తోముకుంటాం, వేరులోకి దిగే చెయ్యి మనది కాదు, ఆ చెయ్యి వైద్యుడిది. బాగుంది, వచ్చే నెల మూడో ఆదివారం ఖాళీగానే ఉంది, మొదట పన్ను జోకుతో మొదలుపెట్టి, తర్వాత నన్ను బాగుచేసిన ఆ చెయ్యి ఎవరిదో తెలుసా సహోదరులారా అని ఒక్క క్షణం ఆగి... మళ్ళీ. మళ్ళీ దుప్పటి లాగుతున్నాడు. అదే చేతిని, ఇంకా తన నోట్లో ఉండగానే, రెండోసారి వేలానికి పెడుతున్నాడు. ఇది ఒక బుధవారం చేసిన పొరపాటు కాదు. ఆ బుధవారం పోయినా ఇది ఉంటుంది. ఇది తన గొంతు, తన తెలివి, తన చలాకీతనం, జనం తనలో మెచ్చుకునే ప్రతి దాంట్లోనూ ఉంది, వడ్డించిన గరిటెలోనే ఉంది. తనను తాను బాగుచేసుకోవాలన్నా అదే నోటితో బాగుచేసుకోవాలి. ప్రభువా, అనుకున్నాడు. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు. ఎందుకంటే ప్రభువా తర్వాత రాబోయే మాట కూడా బాగా రాబోతోందని తెలిసి భయపడ్డాడు. నాకు చేతకాదు. అంతే వచ్చింది. ప్రాస లేదు దానికి.

ముందు గదిలో ఫోను మోగింది. నర్సు చేతి తొడుగులు తీసి వెళ్ళింది. డాక్టరు పంటి గుంతలో తెల్లటి ముద్ద నింపి నొక్కాడు, రబ్బరు గుడ్డ తీశాడు, దిమ్మ తీశాడు, గొట్టం తీశాడు. కుర్చీ లేచి నిటారుగా అయింది. "పుక్కిలించండి. రెండు గంటలు ఏమీ తినకండి. వచ్చే గురువారం ఇంకోసారి రావాలి." అతను నీళ్ళు నోట్లో పోసుకున్నాడు, తిమ్మిరెక్కిన వైపునుంచి సగం చొక్కా మీద పడ్డాయి. దవడ పీకుతోంది. ఇప్పుడు నోరు మూసుకోవచ్చు. ఎంత హాయి, మూసుకుంటే. నర్సు అవతల ఎవరికో టైము చెబుతోంది.

"నోరు జారలేదు," అన్నాడు. మాటలు బొద్దుగా, వంకరగా వచ్చాయి. "అందరికీ నోరు జారిందని చెప్పాను. అబద్ధం. మీ అక్క కూర్చునుందని చూశాను. చూశాకే అన్నాను. హాలు బాగుందని అన్నాను."

డాక్టరు చేతిలో పళ్ళెం ఉంది, వాడిన ఆకురాళ్ళతో. దాన్ని బల్ల మీద పెట్టాడు. ఒక ఆకురాయి దొర్లి కింద పడింది, ఎవరూ తియ్యలేదు. మాస్కు కిందికి లాక్కున్నాడు. ఆ మొహాన్ని ఇంత దగ్గరగా అతను ఏడాదిన్నర తర్వాత చూస్తున్నాడు.

"అక్కని చూశారని నాకు తెలీదు," అన్నాడు.

"తెలీదనే చెప్పాను."

"ఒకటడగనా," అన్నాడు డాక్టరు. "ఆ రోజు ప్రార్థనలో నా చేతిని క్షమించమని దేవుణ్ణి అడిగారు కదా. నిజంగా అడిగారా?"

దీనికి ఒక మంచి జవాబు ఉండే ఉంటుంది. అతను దాని కోసం వెతకలేదు. "లేదు," అన్నాడు. "దేవుడు గుర్తే లేడు. హాలే గుర్తుంది."

డాక్టరు తల ఊపాడు, ఎక్స్‌రేలో ఉంటుందనుకున్నదే ఉన్నప్పుడు ఊపినట్టు. "నేనూ అడగలేకపోయాను. అమ్మ పోయాక మోకాళ్ళ మీద కూర్చుంటే చాలు, అక్క నాకు అప్పజెప్పిన ఆ మాట మీ గొంతుతో వినిపించేది. ముద్ద పెట్టిన తల్లిని కొట్టిన చేతిని. అది బాగా కుదిరింది, మర్చిపోదామన్నా పోదు. నా మాట ఒక్కటి కూడా దాన్ని దాటి అవతలికి వెళ్ళలేదు. లేచి వచ్చేసేవాణ్ణి." తొడుగులు ఒక్కొక్కటే తీశాడు. చేతులు తొడుగుల పౌడరుతో తెల్లగా ఉన్నాయి. "కొట్టింది నేనే. అది మీ తప్పు కాదు. కానీ మీ మీద కోపం పోలేదు. పోయిందని చెప్తే అబద్ధమవుతుంది."

"పోనక్కర్లేదు."

"పోవాలి," అన్నాడు డాక్టరు, కొంచెం విసుగ్గా. "ఎలా పోతుందో తెలీదు గాని పోవాలి. దాంతో బతకడం నాకూ కష్టంగానే ఉంది." స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "అప్పుడు అడగలేదన్నారు కదా. అయితే ఇప్పుడు అడగండి."

"నేనా?"

"నాకు రావడం లేదని చెప్పాను కదా. మామూలుగా అడగండి. ఊరికే."

తలుపు అవతలినుంచి నర్సు, "డాక్టర్, తర్వాతి పేషెంట్ వచ్చేశారు," అంది. "అయిదు నిమిషాలమ్మా," అన్నాడు డాక్టరు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

అతనూ కళ్ళు మూసుకున్నాడు, రెండూ. పెదవి సగం లేదు, ఉమ్మి కారుతోందో లేదో తెలియడం లేదు. లోపల వెతికాడు. ఏళ్ళ తరబడి పేర్చిపెట్టుకున్న వాక్యాలు ఒక్కటీ దగ్గరికి రాలేదు. ఎదుటి మనిషి ఊపిరి వినిపిస్తోంది.

"ప్రభువా," అన్నాడు. "ఈయన కోసం అడగడానికి నాకు మొహం లేదు. అయినా ఈయనే అడగమన్నాడు."

ఆ తర్వాత ఏమనాలో అతనికి తెలియలేదు. డాక్టరు కళ్ళు తెరవలేదు, లేచి వెళ్ళనూ లేదు.